చిన్న యింజనునకు పెద్ద యూపిరి



నేటి ప్రసంగవిషయమును విని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. పిల్లలు ఆడుకొను నాలుగు చక్రముల చిన్న బండికి టర్బోఛార్జరు అను యంత్రమును తగిలించుట గూర్చి రేడియోలో ముచ్చటించుట యేమి, మిరపకాయలు కళ్ళములలో ఎండుచుండగా ఇట్టివి వినుటకు మాకు తీరిక యేది, అని మీరు అడుగవచ్చును. ఆ మాట మొదట నాకును తోచినదే. కాని ఇటీవల పర్చూరు ప్రాంతమునుండి నా బాల్యమిత్రుడొకరు మా యింటికి వచ్చి, ప్రత్తి ధరను గాని మిరపతోట తెగుళ్ళను గాని యెత్తక, ఈ ప్రశ్ననే నన్ను అడిగిరి.

"బావా, మా మనుమడు ఇంజనీరింగు మూడో సంవత్సరము చదువుతున్నాడు. సెలవులకు వచ్చి, మన పాత పొగాకు బ్యారనులో కూర్చుని, ఇనుపగొట్టాలు అతికించి గోకార్టు అని ఒక బండి చేశాడు. పాత మోటారుసైకిలు యింజను పెట్టాడు. బాగానే పరుగెత్తుతున్నది. ఇప్పుడు దానికి టర్బో పెడతాడట, 30 వేలు కావాలట. కాయలు అమ్మిన సొమ్ము ఇంకా చేతికి రాలేదు. ఇయ్యమంటావా, వద్దంటావా? సొమ్ము సంగతి అట్లా ఉంచు, పిల్లవాడి ప్రాణానికి ముప్పు లేదు కదా?"

నేను వెంటనే బదులు చెప్పలేకపోతిని. జీవితమంతయు యింజనులతో గడపినవాడనే. ఐనను ఈ ప్రశ్నకు ఔను, కాదు అను ఒక్క మాటతో బదులు చెప్ప వీలులేదు. ఆ సాయంకాలము మేమిద్దరము అరుగుపై కూర్చుండి మాటలాడుకొనిన సంగతులనే మీకు విన్నవించుచున్నాను. మన పల్లెలలోని కుఱ్ఱవాండ్రు అనేకులు నేడు ఇంజనీరింగు చదువుచున్నారు గనుక, రేపో మాపో ఇట్టి ప్రశ్న మీ యరుగుమీదికిని రావచ్చును.

గోకార్టు అనునది క్రొత్త వస్తువు కాదు. 1956లో అమెరికా దేశమున, కాలిఫోర్నియా రాష్ట్రమున, పందెపు కార్లు కట్టు పనివాడైన ఆర్టు ఇంగెల్సు అనునతడు పచ్చిక కోయు యంత్రపు చిన్న యింజనును ఇనుపగొట్టముల చట్రమునకు బిగించి తొలి బండిని చేసెను. నాటినుండి నేటివరకు దాని రూపము పెద్దగా మారలేదు. స్ప్రింగులు లేవు, పైకప్పు లేదు. కూర్చున్నవాడు నేలకు జానెడెత్తున ఉండును. వెనుక ఇరుసును గొలుసు త్రిప్పును. మన మిత్రుని మనుమడు పెట్టిన యింజను 150 ఘనసెంటీమీటర్లది. అనగా ఒక్కొక్క పీల్పునకు అది లోనికి తీసికొనగల గాలి చిన్న టీగ్లాసెడు మాత్రమే.

యింజను బలమంతయు ఆ గాలిలోనే యున్నది. కమ్మరి కొలిమిని మీరెఱుగుదురు. బొగ్గు ఎంత పోసినను తిత్తి ఊదనిదే ఇనుము కాగదు. పెట్రోలు సంగతియు నంతే. ఒక వంతు పెట్రోలు చక్కగా కాలుటకు తూకమున సుమారు 15 వంతుల గాలి కావలయును. లెక్క కట్టి చూచినచో, ఒక లీటరు పెట్రోలునకు సుమారు 11 కిలోల గాలి, కొలతలో 9 వేల లీటర్లకు పైబడిన గాలి ఖర్చగును. పెట్రోలు నెంతైనను పోయవచ్చును. గాలిని మాత్రము పిస్టను పీల్చినంతయే దొరకును. కావున యింజను పరిమాణమును పెంచక బలమును పెంచవలెనన్న, గాలిని అదిమి లోనికి ఎక్కింపవలయును.

ఈ యూహను యంత్రరూపమునకు తెచ్చినవాడు స్విట్జర్లండు దేశస్థుడైన ఆల్ఫ్రెడ్ బూఖి. 1905లో ఆయన దీనికి పేటెంటు కోరెను. యింజనులో కాలిన యింధనపు వేడిమిలో ఇంచుమించు మూడవ వంతు పొగగొట్టమున వృథాగా పోవుచున్నది. ఆ పోవు పొగకు అడ్డముగా ఒక చిన్న చక్రమును పెట్టినచో అది గిరగిర తిరుగును. ఆ చక్రపు ఇరుసు రెండవ కొనయందు మరియొక చక్రమును బిగించినచో, అది బయటి గాలిని పట్టి యింజనులోనికి అదుమును. ఇదియే టర్బోఛార్జరు. దీనిని త్రిప్పుటకు వేరు పట్టీ లేదు, గొలుసు లేదు. చిన్న టర్బోలలో ఆ ఇరుసు నిమిషమునకు లక్ష చుట్లను దాటి తిరుగును. బూఖి ఊహ ఫలించుటకు 20 సంవత్సరములు పట్టినది. 1925లో ఆయన 10 సిలిండర్ల ఓడ యింజనుపై దీనిని నిలబెట్టి, 1750 గుఱ్ఱపు బలముల యింజను చేత 2500 బలముల పని చేయించెను. అంతకు మునుపే, 1918లో, అమెరికాలో శాన్‌ఫర్డు మాసు అను ఇంజనీరు ఒక విమానపు యింజనును పైక్సు పీకు అను 14 వేల అడుగుల కొండమీదికి చేర్చి, అక్కడి పలుచని గాలిలో అది పోగొట్టుకొనిన బలమును టర్బోతో తిరిగి రప్పించి చూపెను. నేడు గుంటూరు మిర్చియార్డుకు వచ్చు లారీలలోను, పొలములలోని కోతయంత్రములలోను, పెద్ద ట్రాక్టర్లలోను ఈ యంత్రము సామాన్యమైపోయినది.

పెద్ద యింజనులకు ఇంత సులభమైనది చిన్నదానికి ఏల కష్టము? ఇక్కడనే చిక్కంతయు ఉన్నది.

ఒక రోటిలో ముగ్గురు ఆడువారు వంతులవారీగా రోకళ్ళు వేయుచున్నప్పుడు పోటు పోటునకు నడుమ ఎడముండదు. ఒక్కరే దంచుచున్నప్పుడు రోకలి పైకి లేచినంతసేపు రోలు ఊరకుండును. మూడు నాలుగు సిలిండర్ల యింజనులో ఎప్పుడును ఏదో యొక సిలిండరు పొగను విడుచుచుండును, ఏదో యొకటి గాలిని పీల్చుచుండును. టర్బో చక్రమునకు తెంపులేని ఊపు దొరకును. ఒక్క సిలిండరు యింజను గాలిని పీల్చుట, అదుముట, కాల్చుట, పొగ విడుచుట యను నాలుగు పనులను రెండు చుట్లలో ముగించును. అందు టర్బోకు ఊపు దొరకునది నాలుగవ పనియందు మాత్రమే. అప్పుడు లోనికి పోవు దారి మూసియుండును. దారి తెరచుకొని యింజను గాలి కోరునప్పటికి పొగ ఊపు అణగిపోవును. ఇచ్చువాడు వచ్చినప్పుడు పుచ్చుకొనువాడు ఇంట లేడు. పుచ్చుకొనువాడు వచ్చునప్పటికి ఇచ్చువాడు వెళ్ళిపోయినాడు.

ఈ సంగతి నాకు పుస్తకమువలన గాక నష్టమువలన తెలిసినది. 1988వ సంవత్సరపు మాట. నేను అప్పుడే చదువు ముగించి, తెలిసినది తక్కువయు ధైర్యము ఎక్కువయునై యుంటిని. మా నాయనగారికి బావిమీద 5 గుఱ్ఱపు బలముల ఆయిలింజను ఉండెడిది. ఒక్కటే సిలిండరు, రెండు పెద్ద గాలిచక్రములు. పాత యినుము అమ్ము చోట, మట్టి త్రోయు యంత్రమునుండి ఊడదీసిన టర్బో యొకటి నాకు చవుకగా దొరకినది. దానిని పొగగొట్టమునకు అతికించితిని. ఆ ఇరుసునకు నూనె ఎడతెగక అందవలయును గనుక ఒక డబ్బాలో నూనె పోసి ఎత్తున వ్రేలాడదీసి, సన్నని గొట్టముతో అందించితిని. నూనె తిరిగి వచ్చు గొట్టమును మాత్రము సరిగా దిగువకు వంచక, అడ్డముగా పోనిచ్చితిని. తప్పు అదియే.

అంత పెద్ద టర్బోను ఆ చిన్న యింజను పొగ కదలింపలేకపోయినది. గాలిని అదుముటకు మారుగా ఆ చక్రము దారికి అడ్డమై నిలిచెను. యింజను దాని గుండనే గాలిని ఈడ్చి పీల్చుచుండెను. బయటకు పోవు దారి చాలక నిలిచిన నూనెయు ఆ యీడ్పునకు గాలితోపాటు లోనికి పోయెను. డీసెలు యింజనునకు నూనెయు ఇంధనమే గదా! చక్రములు చూచుచుండగనే వేగమందుకొనినవి. నేను డీసెలు దారిని మూసివేసితిని. యింజను ఆగలేదు. తెల్లని పొగ తోటంతయు క్రమ్మెను. పునాది బోల్టులు అదరుచున్నవి. ఆ గాలిచక్రము పగిలినచో ఏమగునో తలచుకొని నా కాళ్ళు చల్లబడినవి. అప్పుడు మా పాలేరు, చదువన్నది ఎఱుగనివాడు, కాలువలో నానుచున్న గోనెసంచిని తీసికొని వచ్చి గాలి పీల్చు నోటికి క్రుక్కి రెండు చేతులతో అదిమిపట్టెను. ఊపిరి ఆడక యింజను ఆగినది.

ఎవరికిని దెబ్బ తగులలేదు. పిస్టను పట్టివేసినది, కడ్డీ వంగినది. మరమ్మతునకు 12 దినములు పట్టినది. మిరప పూత మీద నున్న దినములవి. రెండెకరములకు నీరు లేక పూత రాలిపోయినది. మా నాయనగారు నన్ను ఒక్క మాట అనలేదు. ఆ సంవత్సరము మా చెల్లెలికి చేయింపదలచిన గొలుసును మాత్రము చేయింపలేదు.

ఈ కథను నా మిత్రునకు చెప్పగా ఆయన, "అయితే వద్దనే కదా!" అనిరి. కాదంటిని. నాటికిని నేటికిని నడుమ తెలిసినది కొంత యున్నది.

అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమున మైకేలు బుక్‌మన్, ఏమోసు వింటరు అను ఇద్దరు ఈ ఒంటి సిలిండరు చిక్కునే పరిశీలించి 2014లో ఒక పత్రమును ప్రకటించిరి. చిన్న ట్రాక్టర్లకును, విద్యుత్తు పుట్టించు యింజనులకును ఉపయోగపడునని వారి తలంపు. వారి యుపాయము మనకు కొత్తగా తోచదు. కరెంటు వచ్చిన గంటలలో బోరునీటిని తొట్టిలోనికి తోడి నిలువచేసి, మడికి కావలసినప్పుడు తూము తీసి విడుచుట మన రైతు చేయు పనియే. అట్లే టర్బోకును యింజనునకును నడుమ ఒక గాలితొట్టిని పెట్టుమనిరి. పొగ ఊపు వచ్చినప్పుడు టర్బో ఆ తొట్టిని నింపును. యింజను తన వంతు వచ్చినప్పుడు అందుండి త్రాగును. ఆ తొట్టి యింజను పరిమాణమునకు 4 లేక 5 రెట్లున్నచో చాలునని వారు లెక్క కట్టిరి. తొట్టిలోని గాలి చిక్కదనము మామూలు గాలికంటె నూటికి 50 మొదలు 80 వంతులు వరకు పెరుగవచ్చునని కూడ వారు తేల్చిరి. ఈ లెక్క ప్రకారము మన కుఱ్ఱవాని 150 యింజనునకు కావలసినది 600 మొదలు 750 ఘనసెంటీమీటర్ల తొట్టి, అనగా ముప్పాతిక లీటరునకు మించని చిన్న చెంబు. ఇంత చిన్న వస్తువు నాకు 1988లో తోచియుండినచో అని అప్పుడప్పుడు అనుకొందును. తోచినను ఆ మట్టియంత్రపు టర్బో తిరిగెడిది కాదులెండి.

నూటికి 50, 80 అని వినగానే ఆశ పడరాదు. గాలిని అదిమినచో వేడెక్కును. సైకిలుకు గాలి కొట్టునప్పుడు పంపు అడుగు చేతికి కాలుట మీకందరకును అనుభవమే. మన వేసవిలో నీడనే 40 డిగ్రీలుండును. రెంటచింతల వంటి చోట చెప్పనే అక్కరలేదు. టైరు గాలిని కొలుచు పౌండ్ల లెక్కలో 7 పౌండ్ల ఒత్తిడిని పెట్టితిమనుకొనుడు. అది మామూలు గాలి ఒత్తిడికి సగము అదనము. కాని చిన్న టర్బోలోనుండి వచ్చునప్పటికి ఆ గాలి వేడి నూరు డిగ్రీలు దాటును. వేడి గాలి పలుచన గనుక, ఒత్తిడి సగము పెరిగినను తూకము పాతికవంతే పెరుగును. దారిలో గాలిని చల్లార్చు జాలి నొకటి పెట్టి 60 డిగ్రీలకు దింపినచో అప్పుడు నూటికి 40 వంతులు దక్కును. కావున చల్లార్చు జాలి అలంకారము కాదు. మన ఎండలలో మూడవ వంతునకు పైబడిన లాభము దానియందే యున్నది.

ఆ వేడిమి వలన మరియొక కీడు కూడ కలదు. పెట్రోలు యింజనులో నిప్పురవ్వ పడిన పిమ్మటనే మిశ్రమము క్రమముగా కాలవలయును. గాలి మితిమీరి వేడెక్కి అదిమినచో, మిగిలిన మిశ్రమము తనంతట తానే ఒక్కమాటుగా అంటుకొని సుత్తితో కొట్టినట్లు టకటక శబ్దము చేయును. మెకానిక్కులు దీనిని నాకింగు అందురు. ఆ శబ్దమును లెక్కచేయక నడపినచో పిస్టను తల కరగి చిల్లిపడును. దీనికి మందులు కలవు. సిలిండరు మూతక్రింది గాస్కెట్టును మందముగా వేసి అదుముడును తగ్గింపవలయును. నిప్పురవ్వను కొంచెము ఆలస్యముగా వేయింపవలయును. పెట్రోలును కొంచెము హెచ్చుగా అందింపవలయును. అన్నిటికంటె ముఖ్యము, ఒత్తిడి హద్దు మీరకుండ చూచుట. చెరువు నిండినచో మిగులు నీరు పోవుటకు అలుగు ఉన్నట్లు, ఒత్తిడి హెచ్చగానే పొగను ప్రక్కదారిన విడుచు తలుపొకటి టర్బోకు ఉండును. కుఱ్ఱవాండ్రు వేగముమీది మోజుతో తొలుత బిగించివేయునది ఆ తలుపునే. అలుగు పూడ్చిన చెరువు గతి మీరెఱుగుదురు.

ఇక పెట్రోలును ఎచట కలుపవలయునన్నది ప్రాణముతో కూడిన ప్రశ్న. టర్బోకు ముందే కార్బురేటరును పెట్టినచో పెట్రోలు కలిసిన గాలి ఆ తొట్టినిండ నిలువయుండును. యింజను ఒక్కసారి వెనుకకు తన్నినచో ఆ తొట్టి బాంబువలె ప్రేలును. కావున తొట్టిలో వట్టి గాలియే ఉండవలయును, పెట్రోలు తొట్టి దాటిన పిమ్మటనే కలియవలయును. పాత కార్బురేటరునే అక్కడ పెట్టుదమన్నచో, లోపలి ఒత్తిడికి పెట్రోలు ఎదురు పోలేక వెనుకకు నిలుచును. దాని గిన్నెకు సైతము ఆ ఒత్తిడినే అందింపవలయును, పెట్రోలును పంపుతో త్రోయవలయును. ఈ గొడవ లేనిది నేటి మోటారుసైకిళ్ళలో వచ్చు ఇంజెక్షను పద్ధతి.

నూనె సంగతి నా కథలోనే విన్నారు. మోటారుసైకిలు యింజనునకు నూనె పంపు కలదు గనుక కొంత నయము. మందులు కొట్టు యంత్రములవంటి వాటికి తగిలించు చిన్న యింజనులలో పెక్కింటికి అదియు లేదు; లోపల నూనె చిలుకబడి చింది తడుపుటయే. అట్టివాటికి వేరుగా పంపు పెట్టనిదే టర్బో ఇరుసు నిలువదు.

సరియైన కొలత టర్బో దొరకుట మరియొక కష్టము. ఈ 150 యింజను నిమిషమునకు 8 వేల చుట్లు తిరిగినను పీల్చు గాలి 600 లీటర్లే. మన దారులలో తిరిగిన 800 పరిమాణపు చిన్న డీసెలు కారు 4 వేల చుట్లకే 1600 లీటర్లు పీల్చును. ఆ కారు టర్బో దీనికి మూడింతల చొక్కా. జపానులో 660 పరిమాణమునకు మించని చిన్న కార్లు కలవు. వాటి టర్బోలు కొంత చిన్నవి. 1982లో హోండా వారు 500 పరిమాణపు రెండు సిలిండర్ల మోటారుసైకిలును టర్బోతో అమ్మిరి. పెద్ద కర్మాగారము సైతము రెండు సిలిండర్లు పెట్టికొనియే ఆ పనికి దిగినదని గమనింపుడు.

నా మిత్రుని రెండవ ప్రశ్న, పిల్లవాని ప్రాణమును గూర్చినది. టర్బో బలము కాలు అదిమిన క్షణముననే రాదు. చక్రము వేగమందుకొని తొట్టి నిండవలయును. లీటరు పరిమాణపు యింజనునకు ఈ జాగు సుమారు 2 సెకనులు అని ఆ పత్రమున వ్రాసిరి. దున్ను ట్రాక్టరునకు రెండు సెకనులు లెక్కలోనివి కావు. కాని గంటకు 40 కిలోమీటర్ల వేగమున పోవు గోకార్టు ఒక సెకనులో 11 మీటర్లు పోవును. తిన్నని దారిలో అదిమిన కాలునకు బలము మలుపు నడుమ వచ్చి పడును. వెనుక చక్రములు జారి బండి గిఱ్ఱున తిరుగును. పైగా ఆ గొలుసు, ఆ బ్రేకు పాత బలమునకు సరిపడ చేసినవి. కాళ్ళ ప్రక్కనే ఎఱ్ఱగా కాలిన టర్బో ఉండును.

ఇన్ని చెప్పి ఆయనతో ఇట్లంటిని: "బావా, మనవడికి వేగమే కావలసివస్తే ఈ 30 వేలతో పాతదే ఒక పెద్ద యింజను కొనిపెట్టు, రెండు రోజుల పని. ఇది ఎట్లా పనిచేస్తుందో తెలుసుకోవాలని ఉంటే టర్బో కొననియ్యి. కాని బండికి కాదు. బ్యారను నేలమీద యింజనును బోల్టులతో బిగించి, అక్కడ నడపమను. నేను వచ్చి చూచిందాకా చక్రాలకు గొలుసు తగిలించవద్దను." ఆయన కొంతసేపు ఊరకుండి, "తెలుసుకోవడానికి 30 వేలా?" అనిరి. కళాశాలకు సంవత్సరమునకు ఎంత కట్టుచున్నారని నేను అడుగలేదు. అడుగబోతినని ఆయన గ్రహించిరి.

రెండు నెలల పిమ్మట పిలుపు వచ్చినది. వెళ్ళితిని. బ్యారనులో యింజను నేలకు బిగించియున్నది. జపాను చిన్నకారు టర్బో, దానిప్రక్క ఇనుపరేకుతో అతికిన చెంబంత తొట్టి, చల్లార్చు జాలి, ఇంజెక్షను. బలమును కొలుచుటకు ఇరుసుమీద త్రాడు చుట్టి కొనకు కాటా వ్రేలాడదీసినాడు. మా కాలపు పద్ధతియే. ముందు తొట్టి లేకుండ నడపినాడట. ఒత్తిడి ముల్లు చలిజ్వరము వచ్చినట్లు వణకినదే కాని పైకి లేవలేదట, కాటామీద బలము మునుపటికంటె తగ్గినదట. తొట్టి పెట్టి నా యెదుట నడపినాడు. 7 వేల చుట్లవరకు ఏమియు లేదు. అటుపైన ముల్లు మెల్లగా లేచి 3 పౌండ్లవద్ద నిలిచెను. కాటామీద సుమారు పదియవ వంతు హెచ్చు. "ఇంతేనా తాతయ్యా!" అని వాడు నా ముఖము చూచెను. ముల్లు నిలకడగా నిలిచినది గదా, అదియే నాకు గొప్పగా తోచినదని చెప్పితిని. బండికి పెట్టుదునని వాడు మరల అడుగలేదు. తొట్టిని 5 రెట్లు కాక 8 రెట్లు చేసినచో ఏమగునో చూచెదనని అప్పుడే కాగితముపై లెక్క వేయుచుండెను.

బయటకు వచ్చుచు చూచితిని గదా, బ్యారను గుమ్మము ప్రక్కన ఒక బకెట్టు ఇసుకయు, తడిపిన గోనెసంచియు ఉన్నవి. నేను నవ్వితిని. "పెట్రోలు యింజనుకు ఆ సంచి అక్కరలేదు తాతయ్యా, స్విచ్చి తీస్తే రవ్వ ఆగి అదే ఆగిపోతుంది. చెప్పినా తాతయ్య వినలేదు" అని మనుమడు ఫిర్యాదు చేసెను. నా మిత్రుడు ఆ సంచిమీద మరియొక చెంబెడు నీళ్ళు చల్లి, "ఉండనియ్యి, బరువా?" అనిరి.